పామ్ అని రాసి ఉంది, సరే. ఏ పామ్?

బిస్కెట్ ప్యాకెట్ వెనక పామాయిల్, ఆర్గానిక్ దుకాణంలో పామ్ జాగరీ, నర్సరీలో అరెకా పామ్, కిరాణా కొట్లో పామోలిన్, ఊళ్లో ఉద్యాన శాఖ వాళ్ల సభలో ఆయిల్‌పామ్. దిగుమతి సుంకం మారినప్పుడల్లా, గెలల ధర కోసం రైతులు రోడ్డెక్కినప్పుడల్లా ఈ మాట పేపర్లో పడుతుంది. ఆ వెంటే వాట్సాప్‌లో ఒకరు “మన తాటిచెట్టు నూనేగా, ఎందుకంత భయం” అంటారు. ఇంకొకరు “తాటిబెల్లంలో కూడా ఆ కొవ్వే ఉంటుందట” అంటారు. రెండూ తప్పే. పామాయిల్ తాటిచెట్టు నుంచి రాదు. తాటిబెల్లంలో నూనె ఉండదు.

పామ్ అన్నది ఒక చెట్టు పేరు కాదు, ఓ పెద్ద కుటుంబం పేరు. కాబట్టి ఆ మాట కనబడ్డప్పుడు తేల్చుకోవాల్సినవి మూడు ఉంటాయి: ఏ చెట్టు, ఆ చెట్టులో ఏ భాగం, ఆ తర్వాత దాన్ని ఏం చేశారు. గందరగోళాల్లో చాలామటుకు ఈ మూడింట్లో ఏదో ఒకటి వదిలేయడం వల్ల వచ్చినవే.

కుటుంబం ఒకటే అనడానికి గుర్తు ఏమిటి

తాటి, ఈత, కొబ్బరి, పోక, ఖర్జూరం, జీలుగ, ఆయిల్‌పామ్ అన్నీ అరెకేసీ కుటుంబంలోవి. ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో సుమారు 2,600 జాతులున్నాయి. లాటిన్‌లో పాల్మా అంటే అరచెయ్యి. వేళ్లు చాపిన చేతిలా ఉండే ఆకును బట్టి చెట్టుకూ ఆ పేరు వచ్చింది. నిజానికి ఈ కుటుంబంలో ఆకులు ముఖ్యంగా రెండు తీరులు. తాటాకు విసనకర్రలా ఒకే చోట నుంచి విచ్చుకుంటుంది. కొబ్బరి, ఈత, ఆయిల్‌పామ్ మట్టలకు నడి ఈనెకు రెండు పక్కలా ఆకులు ఈకల్లా ఉంటాయి. అరచేతి పోలిక మొదటి రకానికే సరిపోతుంది.

రైతుకు పనికొచ్చే గుర్తు మాత్రం ఆకు కాదు, మొవ్వు. వేప, మామిడి లాంటి చెట్లకు బెరడు కింద కణాలు పెరిగే ఒక పొర ఉంటుంది. దానివల్ల ఏటేటా మాను లావెక్కుతుంది, గాయం మానుతుంది. కొమ్మ నరికినా పక్క నుంచి చిగురిస్తుంది. ఈ కుటుంబం వరి, వెదురులాగా ఏకదళబీజాలది, ఆ పొర ఉండదు. అందుకే తాటి దుంగలో వయసు చెప్పే వలయాలు కనబడవు. కొబ్బరిచెట్టు ఎక్కడానికి మానుకు కొట్టిన మెట్లు ఎన్నేళ్లయినా పూడవు. ఒంటి మాను ఉన్న జాతులకు పెరిగే చోటు తల మీద ఉన్న మొవ్వు ఒక్కటే, అది పోతే చెట్టు పోయినట్టే.

ఈ కుటుంబాన్ని వెంటాడే పురుగులు కూడా మొవ్వు దగ్గరే చేరతాయి. కొమ్ము పురుగు విచ్చుకోని లేత ఆకును తొలిచి తింటుంది. ఆకు విచ్చుకున్నాక చూస్తే కత్తెరతో వాలుగా కత్తిరించినట్టు ఉంటుంది. అది చేసిన గాయాల్లో ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది, దాని పిల్లపురుగులు లోపల్లోపలే గుజ్జు తినేస్తాయి. పైకి తెలిసేసరికి మొవ్వు కుళ్లి ఒరిగిపోతుంది. ఈ రెండూ కొబ్బరినీ వదలవు, ఆయిల్‌పామ్‌నూ వదలవు. కొమ్ము పురుగు పెంటకుప్పల్లో, కుళ్లిన దుంగల్లో పెరుగుతుంది కాబట్టి పక్క కొబ్బరితోటలో పడి ఉన్న పాత దుంగలు ఆయిల్‌పామ్ రైతుకు కూడా తలనొప్పే. పేర్లు వేరైనా కుటుంబం ఒకటని తెలియడం వల్ల కలిగే లాభం ఇలాంటిది.

తాటి, ఈత: రెండింటికీ కల్లు ఉంది, గీసే చోటు వేరు

తాటిలో ఆడ, మగ చెట్లు విడివిడిగా ఉంటాయి. పోతుతాడికి కాయ రాదు, వేళ్లలాంటి పూగెలలే వస్తాయి. పెంటితాడికి కాయలు, ఆ కాయల్లో లేతగా ఉన్నప్పుడు ముంజలు. పూత పట్టేదాకా ఏది పోతో ఏది పెంటో చెప్పలేం, ఆ పూతకు పన్నెండు పదిహేనేళ్లు పడుతుంది. అందుకే వాణిజ్య తోటగా తాటిని వేసేవాళ్లు అరుదు. గీత కార్మికుడు మోకు, ముస్తాదు కట్టుకుని తల దాకా ఎక్కి గెల కొసను రోజూ పలుచగా చెక్కి కింద లొట్టి కడతాడు. పెంటితాడిని కూడా గీస్తారు, లేత కాయల గెలలను నొక్కి చెక్కుతారు.

ఈత పద్ధతి వేరు. అక్కడ గెలతో పని లేదు. తలకు కాస్త కింద, మట్టలు తీసేసిన చోట మానునే చెక్కుతారు. ఒక ఏడాది ఒక పక్క, మరుసటేడు ఎదుటి పక్క. పదేళ్లు గీసిన ఈతచెట్టు మెలికలు మెలికలుగా కనబడేది ఇందుకే. మొవ్వుకు దగ్గరగా లోతుగా చెక్కితే ఆ ఏటి రసం ఎక్కువే రావచ్చు గానీ చెట్టు దక్కదు.

చెట్టు నుంచి దిగేటప్పుడు రెండు రసాలూ తియ్యనివే, మత్తుండదు. అది నీరా. రసంలో చక్కెర ఉంది, గాలిలో, లొట్టిలో, చెక్కిన చోట ఈస్ట్ ఉంది. ఎండ ఎక్కే కొద్దీ పులిసి కల్లు అవుతుంది, ఇంకా వదిలేస్తే పుల్లబడి వెనిగర్ దారి పడుతుంది. నీరాగా ఉంచాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు, క్షారం ఎక్కువైతే ఈస్ట్ మందగిస్తుంది. లేదంటే చెట్టు మీదే ఐసు పెట్టెలో పట్టాలి. నీరా, కల్లు రెండూ ఒక చెట్టువే, తేడా గంటలది, సున్నానిది. అంతే.

తాటిబెల్లానికి ఈ తేడాయే ప్రాణం. రసంలో చక్కెర సుమారు 12 శాతం ఉందనుకుంటే 8 లీటర్లు కాచితే కిలోకు కాస్త తక్కువ బెల్లం రావాలి. రసం కొంచెం పులిసిందంటే అందులోని సుక్రోజు విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. అవి గడ్డకట్టవు. ఎంత కాచినా పాకం జిగురుగానే ఉండిపోతుంది, అచ్చులో పోస్తే నిలవదు. అప్పుడు నిలబెట్టడానికి చెరకు బెల్లమో పంచదారో కలపడం మొదలవుతుంది. సున్నం మరీ ఎక్కువ పూసి, దాన్ని తేర్చకుండా కాస్తే రుచి చెడి, నాలుక మీద పొడిబారినట్టు తగులుతుంది. రంగు నల్లగా ఉంటే అసలుదనుకోవడం అపోహ. ఎక్కువసేపు కాచిన ఏ బెల్లమైనా నలుపే.

ఈత దగ్గర ఇంకో చిక్కు ఉంది. బెంగాల్ శీతాకాలపు బెల్లం దేశమంతా ‘డేట్ పామ్ జాగరీ’ పేరుతో అమ్ముడుపోతుంది. ఖర్జూరపళ్ల నుంచి చేశారని చాలామంది నమ్మకం. అది ఖర్జూరం కాదు, మన ఈతచెట్టే. ఖర్జూరం, ఈత ఒకే ప్రజాతికి చెందిన అక్కాచెల్లెళ్లు కాబట్టి ఆ పేరు పడింది. బెల్లం పండు నుంచి కాదు, మాను చెక్కిన రసం నుంచి.

జీలుగ సంగతి మన దగ్గరే ఎక్కువ కలగాపులగం. పాడేరు, రంపచోడవరం వైపు జీలుగ కల్లు అంటే చేపతోకలాంటి ఆకులున్న పెద్ద చెట్టు నుంచి దించేది. ఆ చెట్టు పూత పై నుంచి కిందికి గెల తర్వాత గెలగా వస్తుంది, ఆఖరి గెల అయ్యాక చెట్టు చచ్చిపోతుంది. మైదానంలో జీలుగ అంటే పచ్చిరొట్ట ఎరువు కోసం చల్లి, కలియదున్నే చిక్కుడు జాతి పైరు. విత్తనాల దుకాణంలో అడిగే జీలుగకు, ఈ చెట్టుకు ఏ చుట్టరికమూ లేదు.

ఒక పండు, రెండు నూనెలు

ఇక నూనె. ఆయిల్‌పామ్ పుట్టిల్లు పశ్చిమాఫ్రికా. గెలలో వందల కొద్దీ చిన్న పండ్లు ఉంటాయి. ఒక పండును నిలువుగా కోస్తే పైన తోలు, దాని కింద నారింజ రంగు పీచుగుజ్జు, లోపల గట్టి టెంక, టెంక లోపల తెల్లటి పప్పు. గుజ్జు నుంచి తీసేది పామాయిల్. పప్పు నుంచి తీసేది పామ్ కెర్నెల్ ఆయిల్. పండు ఒకటే అయినా ఈ రెండు నూనెలకు పోలిక లేదు.

గుజ్జు నూనెలో సంతృప్త కొవ్వు సుమారు సగం. అందులో పెద్ద వాటా, మొత్తం నూనెలో 44 శాతం దాకా, పామిటిక్ ఆమ్లానిది. 39 శాతం దాకా ఓలియిక్, 10 శాతం దాకా లినోలియిక్. పప్పు నూనెలో సంతృప్త కొవ్వు 80 శాతం పైనే, అందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం. అంటే పప్పు నూనె గుణంలో గుజ్జు నూనె కన్నా కొబ్బరినూనెకు దగ్గర. సబ్బులు, చాక్లెట్ పూతలు, కేకుల మీది క్రీముల్లోకి పోయేది ఎక్కువగా ఇదే. లేబుల్ మీద పామ్ కెర్నెల్ అని ఉంటే పామాయిల్ లెక్కలు దానికి వేయకూడదు.

గానుగ నుంచి వచ్చిన ముడి పామాయిల్ ఎర్రగా ఉంటుంది, ఆ ఎరుపు క్యారట్‌కు రంగునిచ్చే కెరోటిన్లది. శుద్ధి చేసేటప్పుడు బ్లీచింగ్ మట్టి, ఎక్కువ వేడి ఆవిరి ఆ రంగునూ వాసననూ తీసేస్తాయి. తర్వాత నూనెను మెల్లగా చల్లబరుస్తారు. గడ్డకట్టే భాగం కిందికి దిగుతుంది, దాన్ని వడకడితే వచ్చే ద్రవం పామోలిన్, మిగిలిన గట్టిభాగం స్టియరిన్. వంటకు మనం కొనే ప్యాకెట్‌లో ఉండేది పామోలిన్. పామాయిల్, పామోలిన్ వేర్వేరు పంటలు కావు. ఒకటి మొత్తం, ఇంకొకటి అందులో ద్రవంగా నిలిచే వాటా. చలికాలం పొద్దున ప్యాకెట్ అడుగున తెల్లగా పేరుకుందంటే కల్తీ జరిగిందని కాదు, ద్రవ భాగంలోనూ ఇంకా మిగిలిన సంతృప్త కొవ్వు గడ్డకట్టింది. గోరువెచ్చని నీళ్లలో పెడితే కరుగుతుంది.

వనస్పతి మళ్లీ వేరు. అది ఏ చెట్టు పేరూ కాదు. నూనెకు హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరచిన కొవ్వు. సగం సగం ఎక్కించినప్పుడు ట్రాన్స్ కొవ్వు పుడుతుంది. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం దాటకూడదు. పామాయిల్ హైడ్రోజన్ లేకుండానే సగం గట్టిగా ఉంటుంది కాబట్టి బిస్కెట్లు, పఫ్‌లు, నూడుల్స్ చేసేవాళ్లు దానివైపు ఇంకా మొగ్గారు. ఆ ప్యాకెట్ల మీద ఆ పేరు అంతగా కనబడడానికి ధర ఒక కారణమైతే ఇది రెండోది.

గెల ధర ఎలా తేలుతుంది

తెలుగు రాష్ట్రాల్లో ‘పామ్’ వార్తల్లోకి వచ్చేది ఎక్కువగా ఈ లెక్క కోసమే. దేశంలో పండే పామాయిల్‌లో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలదే. ఏలూరు దగ్గర పెదవేగిలో ఈ పంట మీద జాతీయ పరిశోధన సంస్థ ఉంది. తెలంగాణలో అశ్వారావుపేట, అప్పారావుపేట ఫ్యాక్టరీలు ప్రభుత్వ రంగ ఆయిల్‌ఫెడ్‌వి. కేంద్రం 2021 ఆగస్టులో రూ.11,040 కోట్లతో జాతీయ మిషన్ ప్రకటించి, 2025–26 నాటికి సాగును 10 లక్షల హెక్టార్లకు చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది.

త్రికోణ పద్ధతిలో 9 మీటర్ల దూరాన నాటితే హెక్టారుకు 143 మొక్కలు, అంటే ఎకరాకు 57. నాలుగో ఏట నుంచి దిగుబడి మొదలై, పాతికేళ్లు పైనే కాపు ఉంటుంది. గెల కింద ఐదు పది పండ్లు రాలితే కోతకొచ్చినట్టు. చిన్న చెట్లకు ఉలితో, ఎత్తయిన వాటికి గెడకు కట్టిన కొడవలితో కోస్తారు. ముందే కోస్తే నూనె తక్కువ, ఆలస్యమైతే పండ్లు రాలి చెదిరిపోతాయి. కోసిన గెల 24 గంటల్లో ఫ్యాక్టరీ చేరాలి. దెబ్బతగిలిన పండులో లైపేజ్ అనే ఎంజైము నూనెను విడగొట్టి ఫ్రీ ఫ్యాటీ ఆమ్లాలను పెంచుతుంది. ఫ్యాక్టరీలో మొదటి పని గెలలను ఆవిరిలో గంటకు పైగా ఉడికించడం. దాంతో ఎంజైము చస్తుంది, పండ్లు కూడా గెల నుంచి ఊడతాయి. వడ్లు ఇంట్లో నిలవపెట్టి మంచి ధర కోసం ఆగినట్టు గెలల్ని ఆపలేం. బేరమాడే బలం రైతుకు లేకపోవడానికి అసలు కారణం ఇదే. అందుకే ఉమ్మడి రాష్ట్రంలో 1993లో వచ్చిన చట్టం ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో ఫ్యాక్టరీకి కేటాయించి, ధరను ప్రభుత్వం నిర్ణయించేలా పెట్టింది. కొనేవాడు ఖాయంగా ఉంటాడన్నది దాని మేలు, ఒక్కడే ఉంటాడన్నది దాని కీడు.

జాతీయ మిషన్ సూత్రం ప్రకారం గెల ధర ముడి పామాయిల్ ధరలో 14.3 శాతం. టన్ను ముడి నూనె లక్ష రూపాయలుంటే టన్ను గెలలకు రూ.14,300. ఇందులో ఇంకో అంకె దాగుంది, అది నూనె శాతం. వాడుకలో ఓఈఆర్ అంటారు. ఓఈఆర్ 19 ఉంటే టన్ను గెలల్లో 190 కిలోల నూనె, విలువ రూ.19,000. తేడా ఫ్యాక్టరీ ఖర్చుకు, లాభానికి పోతుంది. పప్పు విలువ దీనికి అదనం. ఓఈఆర్‌ను అర శాతం తక్కువ చూపిస్తే టన్నుకు 5 కిలోల నూనె, అంటే ఐదొందల విలువ కనబడకుండా పోతుంది. పక్క రాష్ట్రంలో ఓఈఆర్ ఎంత పెట్టారన్న దాని మీద రైతులు అంత పట్టుబట్టేది ఇందుకు.

సుంకం కథ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 2024 సెప్టెంబరులో ముడి నూనెలపై మొత్తం సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెరిగింది. 2025 మే చివర్లో 16.5కు తగ్గింది. ఓడ దిగిన ముడి పామాయిల్ టన్ను రూ.90,000 అనుకుందాం. 27.5 శాతంతో అది రూ.1,14,750 అవుతుంది. 16.5 శాతంతో రూ.1,04,850. తేడా రూ.9,900. కొనేవాడికి కిలోకు దాదాపు పది రూపాయలు దిగినట్టు. అదే తేడాలో 14.3 శాతం, అంటే టన్ను గెలలకు సుమారు రూ.1,416 రైతుకు తగ్గినట్టు. ఎకరాకు 8 టన్నులు తీసే రైతుకు ఏడాదిలో పదకొండు వేల పైచిలుకు. ఒకే నిర్ణయం ఒక పేజీలో శుభవార్తగా, ఇంకో పేజీలో ఆందోళనగా వచ్చేది అందుకే. రెండూ నిజమే. నూనె ధర మరీ పడితే ఆదుకోవడానికి మిషన్‌లో వయబిలిటీ ధర అని ఒకటి పెట్టారు. గత అయిదేళ్ల సగటు నూనె ధరను టోకు ధరల సూచీతో సవరించి అందులో 14.3 శాతం కడతారు. సూత్రం ధర దానికన్నా దిగితే ఆ లోటు ప్రభుత్వం భరించాలి.

డ్యూరా, పిసిఫెరా, టెనెరా: మొక్క దగ్గర జరిగే పొరపాటు

తోటల్లో ‘ఆఫ్‌టైప్ మొక్కలు’, అంటే అనుకున్న రకం కానివి, అని గొడవలు విన్నవాళ్లకు ఈ మూడు పేర్లు ఎదురవుతాయి. అవి మూడు చెట్లు కావు, టెంక మందాన్ని బట్టి ఒకే చెట్టులో మూడు రూపాలు. డ్యూరాకు మందపాటి టెంక, తక్కువ గుజ్జు. పిసిఫెరాకు టెంక లేదు, కానీ గెల సాధారణంగా కట్టకముందే కుళ్లిపోతుంది. రెంటినీ కలిపితే పుట్టేది టెనెరా, పలుచటి టెంక, ఎక్కువ గుజ్జు. తోటకు వేయాల్సింది ఇదొక్కటే. టెంకను నడిపేది ఒకే జన్యువని 1941లోనే కాంగోలో పనిచేసిన పరిశోధకులు తేల్చారు.

మంచి కాపున్న చెట్టు కింద రాలిన పండ్లను మొలకెత్తించి నాటితే ఏమవుతుందో దీన్నిబట్టి చెప్పొచ్చు. టెనెరా, టెనెరా కలిస్తే నూరింటికి సగటున 25 డ్యూరా, 50 టెనెరా, 25 పిసిఫెరా పుడతాయి. ఎకరాలో 57 మొక్కలకు 14 దాకా గెల నిలవనివి, ఇంకో 14 గుజ్జు తక్కువవి. ఆ విషయం కాపు వచ్చేదాకా, అంటే మూడు నాలుగేళ్లు నీళ్లూ ఎరువూ పోశాక గానీ తెలియదు. అందుకే మొక్క ఎక్కడిది, విత్తనం ఏ తోట నుంచి వచ్చిందన్న కాగితం ఈ పంటలో అంత ముఖ్యం. ఇప్పుడు టెంక జన్యువును ఆకు ముక్కతో పరీక్షించే పద్ధతి కూడా ఉంది.

ఇంకో చిన్న విషయం. ఆయిల్‌పామ్‌లో మగ, ఆడ గెలలు ఒకే చెట్టుకు వేర్వేరు సమయాల్లో వస్తాయి. పుప్పొడిని మోసేది ఆఫ్రికా నుంచి తెచ్చి వదిలిన ఒక చిన్న ముక్కుపురుగు. మలేషియాలో 1981లో దాన్ని వదిలేదాకా మనుషులు చేత్తో పుప్పొడి చల్లేవాళ్లు. ముక్కుపురుగు అనగానే ఎర్రముక్కు పురుగే గుర్తొచ్చి మగ పూల మీద మందు కొడితే కాపే దెబ్బతింటుంది.

పేరులో ఉంది, చెట్టులో లేదు

పాల ప్యాకెట్ మీద, నూనె మీద ‘విటమిన్ ఎ పామిటేట్’ అని చూసి పామాయిల్ కలిపారనుకునేవాళ్లున్నారు. పామిటిక్ ఆమ్లాన్ని 19వ శతాబ్దంలో మొదట పామాయిల్ నుంచి వేరుచేశారు కాబట్టి ఆ పేరు. అది నెయ్యిలో ఉంటుంది, మాంసంలో ఉంటుంది, మన ఒంట్లోనే తయారవుతుంది. పామిటేట్ అంటే విటమిన్‌ను ఆ ఆమ్లంతో జతచేశారని మాత్రమే. ప్యాకెట్‌లో పామాయిల్ ఉందో లేదో ఆ మాట చెప్పదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తయారుచేసిన నాపామ్ అనే మంటల బాంబు పేరులో కూడా సగం పామిటేట్‌దే.

పామరోజా నూనె ఒక సువాసన గడ్డిది. నిమ్మగడ్డికి చుట్టం, ఈ కుటుంబానికి కాదు. పార్కుల్లో కనబడే సైకస్‌ను సాగో పామ్ అంటారు. అది పువ్వే పూయని పాత వంశం, గింజలు విషం. పిల్లలూ కుక్కలూ ఉన్న ఇంట్లో తెలిసి ఉండాల్సిన సంగతి. విసనకర్రలా నిలబడే ట్రావెలర్స్ పామ్ అరటికి దగ్గరి జాతి. నర్సరీ వాళ్ల అరెకా పామ్ ఈ కుటుంబంలోదే గానీ వక్కలు కాసేది కాదు. మడగాస్కర్ నుంచి వచ్చిన అలంకారపు మొక్క. వక్కలిచ్చే పోకచెట్టు వేరు.

సగ్గుబియ్యానిది తిరగేసిన కథ. సాగో అన్న పేరు ఆగ్నేయాసియాలో మాను చీల్చి పిండి తీసే ఒక పామ్‌ది. మనం ఉపవాసం నాడు వండుకునేది మాత్రం కర్రపెండలం దుంపది. సామర్లకోట, పెద్దాపురం వైపు మిల్లులు తయారుచేసేది అదే. పామ్ పేరు మిగిలింది, పామ్ పోయింది.

మట్టల ఆదివారం కూడా అంతే. యోహాను సువార్తలో ఖర్జూరపు మట్టలని స్పష్టంగా ఉంది. మన ఊళ్లలో ఖర్జూరం లేదు కాబట్టి ఈత, కొబ్బరి మట్టలు పట్టుకుంటారు. ఇంగ్లిష్ పేరును చూసి తాటిమట్టలని రాసే అనువాదాలు మాత్రం ఏ చెట్టుకూ న్యాయం చేయవు.

వాదనల్లో ఎవరి మాటకు ఎంత బలం

ఆరోగ్యం విషయంలో ‘విషం’ అనేవాళ్లదీ, ‘ఏ నూనైనా ఒకటే’ అనేవాళ్లదీ అతి. సంతృప్త కొవ్వు సగం ఉన్న నూనెను పొద్దుతిరుగుడు, వేరుశనగ లాంటి నూనెలకు బదులు వాడితే చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుందన్నది పరిశోధనల్లో నిలబడ్డ మాటే. ట్రాన్స్ కొవ్వుతో పోలిస్తే పామాయిల్ నయం అన్నదీ నిలబడ్డ మాటే. దేనితో పోలుస్తున్నామో చెప్పకుండా మంచిదా చెడ్డదా అనడం కుదరదు. పైగా ఇంట్లో పోపుకు వాడే చెంచాడు వేరు, రోజూ తినే బిస్కెట్లు, చిప్స్ ద్వారా లోపలికి పోయేది వేరు. రెండోదాన్ని ఎవరూ లెక్కపెట్టుకోరు.

పర్యావరణం మాటకొస్తే, ఇండోనేషియా, మలేషియాల్లో ఈ తోటల కోసం అడవులు నరికిన మాట, పీట్ నేలల్ని (కుళ్లిన మొక్కలు పేరుకున్న చిత్తడి నేలల్ని) పాడుచేసిన మాట వాస్తవం. ప్రపంచ ఉత్పత్తిలో 80 శాతానికి పైగా ఆ రెండు దేశాలదే. ఎదుటి వాదనకూ బలం ఉంది. హెక్టారుకు ఆయిల్‌పామ్ మూడు నాలుగు టన్నుల నూనె ఇస్తే సోయా అర టన్ను కూడా ఇవ్వదు. పామాయిల్ మానేసి అంతే నూనె సోయాతో తీయాలంటే ఇంకెంతో భూమి కావాలి. మనం ఏటా 70 లక్షల టన్నులకు తగ్గకుండా దిగుమతి చేసుకుంటున్నాం. 2022 ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా ఎగుమతులు నిలిపేసినప్పుడు ఆ ఆధారపడడం ఎంత ఇరుకున పెడుతుందో తెలిసింది.

మన దగ్గర తోటలు ఎక్కువగా వేసింది అడవుల్లో కాదు, సాగు భూముల్లో. కాబట్టి ఇక్కడి అసలు ప్రశ్న నీళ్లది. పెద్ద చెట్టుకు ఎండాకాలంలో రోజుకు 200 లీటర్లు పైనే కావాలి. 57 చెట్లకు 11,400 లీటర్లు. వరితో పోలిస్తే తక్కువే అంటారు సమర్థించేవాళ్లు, డ్రిప్‌తో అది నిజమే. కానీ వరికి నీళ్లు చాలకపోతే ఆ కారు మానేయొచ్చు. ఆయిల్‌పామ్‌కు మానడం ఉండదు. ఇవాళ ఎండకు తగిలిన దెబ్బ ఆడ గెలల్ని తగ్గించి మగ గెలల్ని పెంచుతుంది, దాని ఫలితం ఏడాదిన్నర, రెండేళ్ల తర్వాత దిగుబడిలో కనబడుతుంది. కాల్వ కింద ఉన్న రైతుకు బాగా నడిచిన పంట బోరు మీద ఉన్న రైతుకు కూడా అలాగే నడుస్తుందని చెప్పలేం. ప్రచార సభల్లో ఈ తేడా అంతగా వినబడదు.

నాలుగు లేబుళ్లు చదివి చూద్దాం

‘బ్లెండెడ్ వంటనూనె: పామోలిన్, తవుడు నూనె’ అని ఉంటే అందులో ఏ నూనె అయినా 20 శాతానికి తగ్గకూడదన్నది నిబంధన. ముందు పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు కాదు, వెనక రాసిన శాతం చూడాలి.

బిస్కెట్ మీద ‘ఎడిబుల్ వెజిటబుల్ ఆయిల్, పామ్’ అంటే గుజ్జు నూనె. పక్కన ‘ఎమల్సిఫయర్ 471’ (నూనెనూ నీళ్లనూ కలిపి ఉంచే పదార్థం) ఉంటే అది కూడా పామాయిల్ నుంచి తీసింది కావచ్చు, వేరే కొవ్వు నుంచైనా కావచ్చు. నంబరు చూసి తేల్చలేం.

‘పామ్ షుగర్’ డబ్బా అమెరికాలోనో సింగపూర్‌లోనో కొంటే తాటిదే అయ్యుండాలని లేదు. థాయ్ సరుకులో కొబ్బరి పూల రసం నుంచి చేసిందీ, చెరకు పంచదార కలిపిందీ ఆ పేరుతోనే ఉంటాయి. పదార్థాల జాబితాలో కోకోనట్, కేన్ అన్న మాటలున్నాయేమో చూస్తే తెలిసిపోతుంది.

అక్కడి ఆసియా దుకాణాల్లో ముంజలు వెతికేవాళ్లకు రెండు డబ్బాలు ఎదురవుతాయి. ‘టాడీ పామ్ సీడ్’ అని ఉన్నది తాటిముంజే, పాకంలో వేసింది. ‘అట్టప్’ అనో, ఊరికే ‘పామ్ సీడ్’ అనో ఉన్నవి చూపులకు ముంజల్లాగే మెరుస్తాయి గానీ చిన్నవి, గట్టివి, నమిలితే సాగుతాయి. అవి నీపా అనే చిత్తడినేలల పామ్‌వో, అరెంగా అనే మరో చెట్టువో. ‘హార్ట్స్ ఆఫ్ పామ్’ డబ్బాలో ఉండేది కాయా కాదు, గింజా కాదు, మొవ్వు లోపలి లేత గుజ్జు. ఒంటి మాను చెట్టుదైతే డబ్బా కోసం ఆ చెట్టును నరికినట్టే. పీచ్ పామ్ అనే దక్షిణ అమెరికా జాతి మాత్రం పక్కనుంచి పిలకలు వేస్తుంది కాబట్టి తోటల్లో దాన్నే ఎక్కువగా పెంచుతారు.